పొద్దుగూకే దాకా

ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడుతోనే తెల్లవారుతుంది. ఆ రోజూ అంతే. ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని తల్లి ఎవరిదో ప్యాంటు నడుము వదులు చేస్తోంది. మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. వంటింట్లో తండ్రి తన క్యారేజీ తానే సర్దుకుంటున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. వయసైపోయిందని కంపెనీ ఇంటికి పంపేసినా, ఏ లిఫ్టు మొరాయించినా మళ్ళీ ఆయనకే ఫోను చేస్తారు. ఆయనా కాదనడు.

"ఈ పెద్దమనిషి ఏడాదికోసారి వస్తాడు," అంది తల్లి సూదులు తీసి దిండుకు గుచ్చుతూ. "ఉతికితే బట్టలు కుంచించుకుపోతున్నాయంటాడు. అవునండీ, ఈమధ్య బట్టలన్నీ అలాగే ఏడుస్తున్నాయి అంటాను నేను. తను లావెక్కానని మాత్రం చచ్చినా ఒప్పుకోడు."

అమ్మడు నవ్వుతూ సంచిలో మైకులు సర్దుకుంది. ముప్పై దాటినా ఇంట్లో ఆమె అమ్మడే. డాక్యుమెంటరీలు తీస్తుంది. ఏడాది నుంచి ఒకటే పని మీద ఉంది. యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చిన సైనికుల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వాళ్ళు చూసింది వాళ్ళ నోటితోనే చెప్పిస్తోంది.

"ఇవాళ ఎవరొస్తున్నారు?" అడిగింది తల్లి.

"డ్రోన్ నడిపినతను. యుద్ధానికి ముందు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుండేదట."

"పాపం, మరీ గుచ్చి గుచ్చి అడక్కు. వాళ్ళేం పడ్డారో ఏమో." తల్లి మళ్ళీ మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆగింది. "మనవాడి విషయంలో అదొక్కటే నయం. ఫిరంగి గుండు పడింది, అంతే. ఏం జరిగిందో తెలిసేలోపే పోయాడు. నొప్పి తెలియలేదు."

ఈ మాట ఆమె తరచూ అంటుంది.  వంటింట్లో తండ్రి కడిగిన గ్లాసునే మళ్ళీ కుళాయి కింద పెట్టాడు.

చిన్నోడు పోయి రెండేళ్ళయింది. అమ్మడికంటే బాగా చిన్నవాడు, ఇంట్లో గారాబం. అతని కోసమే ఈ సినిమా మొదలుపెట్టినా, అందులో అతని ప్రస్తావన తేకూడదని ఆమె ముందే అనుకుంది. అలా తెస్తే తన ఏడుపును ఊరందరికీ చూపించినట్టవుతుందని ఆమె భయం.

*

ఇంటర్వ్యూలు ఒక ఫోటో స్టూడియో పైగదిలో జరుగుతాయి. గోడకు నల్లగుడ్డ, ఒక కుర్చీ, రెండు లైట్లు. మైకులో చప్పుడు రాకుండా ఫ్యాను ఆపేస్తారు.

"మంచి పని చేశారు మేడం," అన్నాడు వచ్చినతను, పైకి చూసి. "ఫ్యాను చప్పుడు నాకు పడదు."

అతనికి పాతికా ముప్పై మధ్య వయసుంటుంది. దళంలో అతన్ని పావురం అనేవాళ్ళట. ఎవరి డ్రోన్లు కూలినా అతనివి మాత్రం తిరిగొచ్చేవి కనక. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపు తడబడ్డాడు గానీ, తర్వాత మాట సాఫీగా వచ్చింది.

"డ్రోన్ నడిపేవాడు దూరంగా ఉంటాడు, వాడికేం అనుకుంటారండీ అందరూ. దూరమే. నేలమాళిగలో తెర ముందు కూర్చుంటాం. కానీ ముందు వరసలో ఉన్నవాడికి పక్కవాడే సరిగ్గా కనబడడు. నాకు అందరూ కనబడతారు. మొహాలతో సహా."

"మీరు మర్చిపోలేని రోజు ఏదైనా ఉందా?" అడిగింది అమ్మడు. అందరినీ అడిగే ప్రశ్నే.

"దాని కోసమే వచ్చాను." అతను చేతులు బయటికి తీశాడు. "ఒకతనుండేవాడు. మా దళం కాదు, పక్క దళం. కోతకోసిన పొలం దాటుతుంటే దెబ్బ తగిలింది. కాళ్ళు కదలట్లేదు. తీసుకురావడానికి ఇద్దరు వెళ్ళారు, ఇద్దరూ గాయాలతో వెనక్కొచ్చారు. అవతలివాళ్ళ డ్రోన్లు ఆ పొలాన్నే కాపలా కాస్తున్నాయి. ఇక ఎవరూ వెళ్ళొద్దని ఆర్డరొచ్చింది. నేను పైన ఉన్నాను. నా తెర మీద అతనొక్కడే."

"అతను మీకు తెలుసా?"

"పేరు తెలీదు మేడం. వైర్‌లెస్‌లో బొంగరం అనేవాళ్ళు. ఒక్కచోట కుదురుగా కూర్చోడట."

అమ్మడి చేతిలో ప్రశ్నల కాగితం అలాగే ఉండిపోయింది. 'అక్కా, ఇక్కడ నేను బొంగరాన్ని,' అని ఒకసారి ఫోనులో నవ్వాడు తమ్ముడు. 'ఇంట్లో చూస్తే చిన్నోణ్ణి. నాకో పేరుందని గుర్తున్నవాడు ఒక్కడూ లేడు.'

కెమెరామన్‌కు ఏమీ తెలియదు. కెమెరా నడుస్తూనే ఉంది. 

"వెంటనే పోయాడా?" అంది చివరికి. 

"లేదండీ. మధ్యాహ్నం పడ్డాడు. పొద్దుగూకే దాకా ఉన్నాడు. వాళ్ళింట్లో మాత్రం వెంటనే పోయాడని చెప్పారట. వాళ్ళ నాన్న తర్వాత మా రెండు దళాల కమాండర్ దగ్గరికొచ్చాడు. నేను గుడారంలో దాక్కున్నాను, ఎదురుపడలేక. పెద్దాయన. లిఫ్టులు బాగుచేస్తాడని ఎవరో అన్నారు." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "డ్రోన్ కిందికి దించాను. చప్పుడు విని మొహం పైకి తిప్పాడు. చెయ్యెత్తాడు. నా వైపే."

"కట్," అంది అమ్మడు.

ఆమె లేచి కిటికీ దాకా వెళ్ళింది. కాసేపటికి వెనక్కి తిరిగి, "అతను నా తమ్ముడు," అని చెప్పింది.

పావురం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "తెలిస్తే వచ్చేవాణ్ణి కాదు అక్కా," అన్నాడు. మేడం అనడం మానేశాడని అతనికే తెలియదు. తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ మళ్ళీ ఆగాడు. "ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి చెప్పగలనో లేదో తెలీదు. మీ ఇష్టం. తీసెయ్యాలంటే తీసెయ్యండి."

*

తండ్రి ఆ రోజు ఒక పాత అపార్టుమెంటు మీద లిఫ్టు గదిలో ఉన్నాడు. ఇరుకు గది, గ్రీజు వాసన, మధ్యలో పెద్ద ఇనుప చక్రం. లిఫ్టు ఆపి, దాన్ని లాగే ఉక్కు తాళ్ళ మీద గుడ్డ పెట్టి మెల్లగా జరుపుతున్నాడు. ఎక్కడైనా ఉక్కుపోగు తెగి ఉంటే గుడ్డ దానికి తగులుకుంటుంది.

మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన కూతుర్ని చూసి, "ఇక్కడికెందుకొచ్చావే?" అన్నాడు.

"చిన్నోడు వెంటనే పోలేదు కదా నాన్నా."

ఆయన చెయ్యి తాడు మీదే ఆగింది. ఎవరు చెప్పారని అడగలేదు; డ్రోన్ నడిపినతను వస్తున్నాడని పొద్దున వంటింట్లోంచి విన్నదే. బోర్లించిన డబ్బా మీద కూర్చుని గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"ఆ కమాండరు మంచివాడే," అన్నాడు. "ఊరికే వెళ్ళాను, వాడు తిరిగిన చోటు చూద్దామని. నన్ను కూర్చోబెట్టి, జరిగింది చెప్పమంటారా, ఊరడించమంటారా అని అడిగాడు. జరిగిందే చెప్పమన్నాను. పెద్ద ధైర్యవంతుణ్ణి కదా. విన్నాక ఆయన చేతులు పట్టుకుని, మా ఆవిడకు మాత్రం ముందు చెప్పిందే ఉంచండి అని బతిమాలాను."

"నాకైనా చెప్పొచ్చు కదా."

"చెప్తే నీ మొహం చూసి మీ అమ్మ కనిపెట్టేస్తుంది. నా మొహం చూడ్డం ఎప్పుడో మానేసింది." నవ్వబోయాడు, కుదరలేదు. "అమ్మడూ, వాడికి నొప్పి తెలియలేదన్న ఒక్క మాట మీద నిలబడింది మీ అమ్మ. దాన్ని లాగేస్తే ఏమవుతుందో నాకు తెలీదు. ఆ ముక్క సినిమాలో పెట్టకు."

"అతను ఆ ముక్క చెప్పడానికే వచ్చాడు నాన్నా. తీసేస్తే, నువ్వు పడ్డది ఎవరికీ అక్కర్లేదు పొమ్మని అతనితో అన్నట్టే."

"అతనెవరో. ఆవిడ మీ అమ్మ."

 ఇద్దరిలో ఎవరు తప్పో అమ్మడికి తేలలేదు. తండ్రి మళ్ళీ గుడ్డ తీసుకుని తాడు మీద పెట్టాడు. 

*

సాయంత్రం భోజనాల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. తండ్రి ప్లేటులోది కెలుకుతున్నాడు. కూతురు అసలు ముట్టలేదు.

"ఏమైంది మీ ఇద్దరికీ?" అంది తల్లి. "తండ్రీకూతుళ్ళు పోట్లాడుకున్నారా? నాకు చెప్పకుండా పోట్లాడుకుంటే తీర్పెవరిస్తారు?"

"ఏం లేదు. ఆ సినిమా ఆపెయ్యమన్నాను," అన్నాడు తండ్రి.

"మొదట్నించీ లేనిది ఇప్పుడెందుకు ఆపడం?"

 తల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. చేతిలో గరిటె కింద పెట్టింది.

"వాడి గురించేనా?"

"నువ్వు తిను ముందు," అన్నాడు తండ్రి.

"మిమ్మల్ని కాదు. అమ్మడూ, నువ్వు చెప్పు."

అమ్మడు తండ్రి వైపు చూసింది. ఆయన వద్దన్నట్టు కళ్ళతోనే వేడుకున్నాడు. అబద్ధం ఒకటి నాలుక చివర దాకా వచ్చింది. కానీ తల్లి తననే చూస్తోంది. ఆ చూపు ముందు అది నిలవలేదు. పొలం సంగతి, పైనున్న డ్రోను సంగతి, ఎత్తిన చెయ్యి, అన్నీ చెప్పేసింది. తల వంచుకునే చెప్పింది.

తల్లి ఏడవలేదు. "పొద్దుగూకే దాకా," అంది, ఆ మాట అర్థం తెలియనట్టు. తర్వాత భర్త వైపు తిరిగింది. "మీకెప్పట్నించి తెలుసు?"

"వాడు పోయాక నెల తిరక్కుండానే తెలిసింది."

"అంటే రెండేళ్ళుగా నేను దేవుడికి దండం పెడుతుంటే, వాడికి నొప్పి తెలియనివ్వలేదు నువ్వు, నీ రుణం తీర్చుకోలేను అంటుంటే, నా పక్కన నిలబడి మీరూ చేతులు జోడించారు."

"నువ్వు తట్టుకోలేవని..."

"తట్టుకోలేకపోతే పడిపోయేదాన్ని. మీరు పట్టుకునేవారు. ఇద్దరం ఉన్నది దానికే కదా." ఆమె గొంతు పెరగలేదు. అందుకే ఆ మాటలు ఇంకా బరువుగా పడ్డాయి. "మీరు నన్ను కాపాడలేదు. నా కొడుకు చివరి పూటంతా నాకు లేకుండా చేశారు. అదీ నాదే కదా."

ఆమె లేచి గదిలోకి వెళ్ళిపోయింది. తండ్రి అక్కడే కూర్చుండిపోయాడు. అమ్మడు ఆయన ముందున్న ప్లేటు తీసింది. ఆయన గమనించలేదు.

తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మిషను చప్పుడు లేదు. బట్టల కోసం వచ్చినవాళ్ళకు తండ్రే తలుపు తీసి, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేశాడు. అమ్మడు ఎడిటింగు ముందు కూర్చుని, పావురం మాటల దగ్గరికి రాగానే తెర ఆపేసి లేచిపోయేది. తీసెయ్యలేదు, ఉంచానని అనుకోనూ లేదు.

ఒక పొద్దున తల్లి తల దువ్వుకుని ముందుగదిలోకి వచ్చింది. "ఆ అబ్బాయిని పిలు," అంది కూతురితో. "నీ సినిమా కోసం కాదు. నాకు."

"ఎందుకే ఇంకా," అన్నాడు తండ్రి.

"మీరుండక్కర్లేదు. పనికెళ్ళండి."

ఆయన పనికి వెళ్ళలేదు.

*

పావురం గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచి, గోడకు ఆనుకున్న కుర్చీలో కూర్చున్నాడు. అమ్మడు ముందే ఫ్యాను ఆపేసింది. తండ్రి వంటింటి ద్వారబంధం దగ్గర నిలబడ్డాడు, వినీ విననట్టు.

"నాకు కోపం లేదు బాబూ," అంది తల్లి. "ముందది చెప్పాలి. రానంటావనుకున్నాను."

"రాకూడదనే అనుకున్నానమ్మా."

"వాడు చెయ్యెత్తాడన్నావట. తర్వాత?"

అతను అమ్మడి వైపు చూశాడు. "తర్వాతది నేను చెప్పలేదు. అక్క కెమెరా ఆపేసింది."

అమ్మడికి అప్పుడు తెలిసింది, తాను తండ్రికీ తల్లికీ చెప్పింది సగమేనని.

"ఎందుకు చెయ్యెత్తాడో నాకు తెలీదమ్మా," అన్నాడతను. "రమ్మనా, పొమ్మనా, నా వల్ల శత్రువుకి తన జాడ తెలుస్తుందనా... ఇప్పటికీ తెలీదు. అదే నన్ను తినేస్తోంది. ఆ రోజు మాత్రం నీళ్ళడుగుతున్నాడనుకున్నాను. చిన్న సీసాలో నీళ్ళు నింపి డ్రోన్‌కి కట్టి పంపాను. మొదటిది దూరంగా పడింది. రెండోది పక్కనే పడింది, చెయ్యి అందేంత దూరంలో."

"తాగాడా?"

"తాగాడమ్మా."

తల్లి కళ్ళు మూసుకుంది. రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుపోయాయి. పావురం మాట ఆపేశాడు.

"చెప్పు బాబూ."

"తాగి, సీసా గుండెల మీద పెట్టుకున్నాడు. మళ్ళీ చెయ్యెత్తాడు. డ్రోన్ బ్యాటరీ ఎక్కువసేపు రాదమ్మా. ఒకటి దించి ఇంకోటి లేపాలి. ఆ మధ్యలో పైన ఎవరూ లేకపోతే వెళ్ళిపోయాననుకుంటాడేమోనని, ఇంకో కుర్రాణ్ణి బతిమాలి అతని డ్రోన్ కూడా తెప్పించాను. ఒకటి దిగేలోపు ఇంకోటి అక్కడుండేది. ఏం చేస్తున్నావని కమాండర్ వైర్‌లెస్‌లో అడుగుతున్నాడు. చెట్ల వరస చూస్తున్నానని అబద్ధం చెప్పాను. చీకటి పడ్డాక తెర మీద ఏమీ కనబడలేదు. అయినా కాసేపు అక్కడే ఉంచాను."

ద్వారబంధం దగ్గర నుంచి తండ్రి గొంతు వినిపించింది. "అరిచాడా?"

ఆ ప్రశ్న కమాండర్ని అడగలేకపోయాడని, రెండేళ్ళుగా తనలోనే దాన్ని మోస్తున్నాడని అక్కడున్న అందరికీ అర్థమైంది.

"చప్పుడు వినిపించదండీ. బొమ్మే. కానీ అరుస్తున్నట్టు లేడు. పడుకుని పైకి చూస్తున్నాడు. ఒకసారి మోచేయి తల కింద పెట్టుకున్నాడు."

తండ్రి ద్వారబంధం పట్టుకుని అలాగే నేల మీద కూర్చున్నాడు. కొడుకు పోయిన రోజు కూడా ఏడవని మనిషి, ఇప్పుడు మొహం దాచుకోవాలని కూడా తోచక ఏడ్చాడు. తల్లి లేచి వెళ్ళి పక్కనే చతికిలబడింది. ఆయన తల తన భుజం మీదికి లాక్కుంది.

"ఇంత బరువు ఒక్కరే ఎలా మోశారండీ," అంది. "నన్ను పిలవకూడదూ."

"భయమేసింది," అన్నాడాయన. 

చాలాసేపటికి తల్లి పైటతో కళ్ళు తుడుచుకుని పావురం వైపు తిరిగింది. "ఎందుకు చెయ్యెత్తాడో నాకూ తెలీదు బాబూ. ఎందుకైనా కానీ. పైన ఒక మనిషున్నాడని వాడికి తెలిసింది. నువ్వు వెళ్ళిపోలేదు." కూతుర్ని చూసి, "ఆ ముక్క తియ్యకు," అంది. "సగంలో ఆపకు. ఈ అబ్బాయి ఒప్పుకుంటే నీళ్ళ దాకా చెప్పించి ఉంచు."

అమ్మడు తలూపింది. 

పావురం లేచాడు. తల్లి కూడా లేచి అతనికి అడ్డుగా నిలబడింది.

"మీ అమ్మగారున్నారా?"

"ఉందమ్మా."

"ఇదంతా ఆవిడకి తెలుసా?"

"లేదమ్మా. ఫ్యాను వేస్తే ఎందుకు ఉలిక్కిపడుతున్నావని అడుగుతుంది. ఉక్కగా ఉన్నా ఆపేసుకుని పడుకుంటుంది, నా కోసం. బాధపడుతుందని చెప్పలేదు."

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"చెప్పెయ్యి నాయనా," అన్నాడు తండ్రి, నేల మీది నుంచి లేస్తూ. "నేను చేసిన పని నువ్వు చెయ్యకు."

అతను ఫోను తీశాడు. చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. చివరికి నొక్కి, అవతల గొంతు వినబడగానే "అమ్మా" అన్నాడు. ఆ పైన ఒక్క మాట పెగల్లేదు. అవతల ఆవిడ ఏమైందిరా, ఎక్కడున్నావురా అని కంగారుపడటం గదిలో అందరికీ వినిపిస్తోంది.

తల్లి చెయ్యి చాపింది. అతను ఫోను ఇచ్చేశాడు.

"అమ్మా, కంగారుపడకండి, మీ అబ్బాయి మా ఇంట్లో క్షేమంగా ఉన్నాడు," అంది. "మీరు నన్నెరగరు. నా కొడుకు యుద్ధంలో పోయాడు. వాడి చివరి పూటంతా మీ అబ్బాయి వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. నీళ్ళు కూడా ఇచ్చాడు. తను ఈ మాట మీకు ఎప్పటికీ చెప్పుకోడని నేనే చెబుతున్నాను."

 అవతల మెల్లగా ఏడుపు మొదలైంది. తల్లి ఫోను చెవికి మరింత దగ్గరగా పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"ఉన్నానమ్మా," అంది. "మీరు ఏడవండి. నేను ఇక్కడే ఉన్నాను."